దసరాకు బిగించిన బ్లేడు

వడ్రంగి పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పాఠ్యపుస్తకంలో లేని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. మిషన్‌కు కోపం రాదు. దానికి ముహూర్తం తెలియదు, భక్తి తెలియదు, ఎవరింట్లో పురుడో ఎవరింట్లో చావో తెలియదు. దానికి తెలిసినవి మూడే: బ్లేడుకు ఎన్ని పళ్ళున్నాయి, అవి ఎంత పదునుగా ఉన్నాయి, చెక్క ఏ దిక్కు నుంచి వస్తోంది. ఈ మూడూ కుదిరితే నాస్తికుడి చేయీ క్షేమమే, భక్తుడి చేయీ క్షేమమే. కుదరకపోతే ఇద్దరి వేళ్లూ ఒకే తీరుగా తెగుతాయి.

ప్రభుత్వ ఐటిఐలలో ముప్పై ఏళ్లకు పైగా వడ్రంగం నేర్పాను. అందులో సగం కాలం కరీంనగర్ వైపు, సగం ఆదిలాబాద్ వైపు గడిచింది. నా బదిలీలూ పదోన్నతులూ చదివి ఎవరూ బాగుపడరు కనుక వాటిని వదిలేస్తున్నాను. రిటైరయ్యాక నా దగ్గర మిగిలింది కోపం. అందులో పెద్ద వాటా నా మీదే. ఎందుకో చెప్పడానికి ఒక్క బ్లేడు సంగతి చాలు.

పళ్ళ లెక్క

ముందు పని సంగతి. ఇది తెలియకపోతే తర్వాత చెప్పేది మీకు కథలా ఉంటుంది. అది కథ కాదు.

కట్టె అంటే మట్టి ముద్ద కాదు. చెట్టు పొడవునా సాగిన నారల కట్ట అది. చీపురు కట్టను నిలువునా రెండు పాయలుగా విడదీయడం ఒక పని, అడ్డంగా నరకడం మరో పని. ఈ రెండింటికీ ఒకే పనిముట్టు చాలదని చీపురు పట్టిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. టేబుల్ రంపం ముందు నిలబడ్డ మగవాళ్లు మాత్రం మరచిపోతారు.

నారల వెంట కోసేది నిలువు కోత. దర్వాజ చౌకట్లకూ, కిటికీ పట్టీలకూ కోసేది ఇదే. ఇందులో పొట్టు పొడుగ్గా, ముతకగా రాలుతుంది. అది బయటికి పోవాలంటే పంటికీ పంటికీ మధ్య లోతైన సందు ఉండాలి. అందుకే పది అంగుళాల నిలువు కోత బ్లేడుకు ఇరవై నాలుగు పళ్ళు, మహా అయితే ముప్పై. పంటి కొస ఉలిలా బల్లపరుపుగా ఉంటుంది. నారలకు అడ్డంగా కోసేది అడ్డకోత. దానికి అరవై నుంచి ఎనభై పళ్ళు, కొసలు ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వాలి కత్తుల్లా ఉంటాయి. నారను పీకకుండా తెంపాలి కదా మరి. ప్లైవుడ్డుకూ ఎనభై పళ్ళదే, పై పొర పెచ్చులు లేవకుండా. మైకా అంటించిన బోర్డు గాజులా పెళుసు. దానికి ఒక పన్ను బల్లపరుపుగా, పక్క పన్ను రెండు మూలలూ చెక్కినట్టుగా ఉండే బ్లేడు వేరే ఉంది. ఇక అన్నిటికీ పనికొస్తుందని అమ్మే నలభై, యాభై పళ్ళ బ్లేడు చిన్న దుకాణానికి ఫరవాలేదు. రోజంతా చౌకట్లు కోసే చోట మాత్రం దాన్ని నమ్ముకోకండి.

ఎనభై పళ్ళ బ్లేడుతో మందమైన టేకును నిలువునా కోస్తే ఏమవుతుంది? చిన్న సందుల్లో పొట్టు ఇరుక్కుంటుంది. కోయాల్సిన పన్ను రుద్దుతుంది. చెక్క మాడి వాసన వస్తుంది. బ్లేడు వేడెక్కి వంకర తిరుగుతుంది. చెక్క ముందుకు కదలక కోసేవాడు ఒళ్లంతా వేసి తోస్తాడు. ఆ తోపులోనే ప్రమాదం ఉంది. కోసిన సందు వెనక మూసుకుపోయి బ్లేడును పట్టేస్తే, బ్లేడు ఆ చెక్కను మనిషి మీదికి విసురుతుంది. చెక్క లేచిపోయిన చోట మిగిలేది చేయి. ఆ సందు మూసుకోకుండా బ్లేడు వెనక ఒక సన్నటి ఉక్కు రెక్క నిలబడి ఉంటుంది. దాన్ని తీసేసి పనిచేసేవాడిని చూస్తే నాకు ఈ వయసులోనూ చేయి చేసుకోవాలనిపిస్తుంది.

అమ్మవారికి నచ్చిన బ్లేడు

ఆసిఫాబాద్ పోయే రోడ్డు మీద ఒక చౌకట్ల కార్ఖానా ఉండేది. యజమాని రాజిరెడ్డి పటేల్. వాళ్లది భూములున్న కుటుంబం. సాగు తమ్ముడికి వదిలి ఈయన టేకు వ్యాపారంలోకి దిగాడు. చెడ్డవాడు కాదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే చెడ్డవాళ్ల వల్ల జరిగే నష్టం మన పనిలో చాలా తక్కువ.

ఆ కార్ఖానాలో ఒక ఆచారం ఉండేది. దసరా ఆయుధపూజకు మిషన్‌కు కొత్త బ్లేడు బిగిస్తారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, బ్లేడును పట్టి ఉంచే నట్టుకు ఎర్రదారం కడతారు. కోడిని కోసి నాలుగు చుక్కలు చల్లుతారు. ఆ దారం దీపావళి దాకా తెంపకూడదు. అంటే ఆ ఇరవై రోజులు బ్లేడు మార్చకూడదు. స్పానరు తాకితే అమ్మవారి మెడలోది తెంపినట్టట.

అక్కడితో ఆగినా బాగుండేది. దేవతకు పెట్టేది అన్నిట్లోకీ మేలైనది కావాలి కదా! పటేల్ ప్రతి ఏడూ కరీంనగర్ వెళ్లి, దుకాణంలో అన్నిటికంటే ఖరీదైన, అన్నిటికంటే నిగనిగలాడే బ్లేడు తెచ్చేవాడు. నిగనిగలాడేది ఎప్పుడూ ఎనభై పళ్ళదే. బట్టతలలా ఇరవై నాలుగు పళ్ళున్నదాన్ని దేవుడి ముందు ఎవరు పెడతారు? ఇక దండ వేయడానికి వెనక ఉక్కు రెక్క అడ్డమొస్తుందని దాన్ని విప్పి సొరుగులో పడేసేవారు. దండ వాడిపోయేది. రెక్క సొరుగులోనే ఉండిపోయేది.

దసరా తర్వాత పెళ్లిళ్ల కాలం, ఇళ్ల కాలం. చౌకట్ల పని ముమ్మరంగా ఉండేది ఆ ఇరవై రోజులే. ఏడాదిలో అత్యధికంగా నిలువు కోతలు పడే ఆ రోజుల్లో, నిలువు కోతకు అన్నిటికంటే పనికిమాలిన బ్లేడు, రక్షణ రెక్క లేకుండా, భక్తితో బిగించి ఉండేది. మనిషిని నరకడానికి ఏర్పాట్లు చేయమని శత్రువును పురమాయించినా ఇంత శ్రద్ధగా చేయడు.

నేను రాసిన కాగితం

ఆ మిషన్ మీద కోసేవాడు సదానందం. సిరిసిల్ల వైపు నేత కుటుంబం. మరమగ్గాల పని సన్నగిల్లితే ఇటు వచ్చి నాలుగేళ్లుగా రంపం మీద ఉన్నాడు. నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, దసరా వెళ్లిన తొమ్మిదో రోజు, అతని కుడిచేతి మూడు వేళ్లు ఆ మిషన్ మీద పోయాయి. పటేలే తన జీపులో ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఇలాంటివి జరిగినప్పుడు కార్మిక శాఖ అధికారులు మమ్మల్ని సాంకేతిక అభిప్రాయం అడిగేవారు. మూడో రోజు నేను వెళ్లాను. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. తలుపులోంచి మిషన్ కనిపిస్తోంది. పసుపునీళ్లతో కడిగి, నిమ్మకాయలు కోసి పెట్టి, మీద తెల్లగుడ్డ కప్పారు.

"ఏమైంది పటేలా?" అన్నాను.

"ఏమైతది సారూ, చెయ్యి జారింది. నాలుగేండ్ల సంది కోస్తుండు. గా దినం యాదిమరిచి కోసిండు."

నేను రాసుకున్నాను. పుస్తకం మూశాక ఆయన గొంతు తగ్గించాడు.

"మీరు నమ్మరు గని, అసలు సంగతి ఏరే ఉన్నది. గా దినం వాని పెండ్లాం సద్ది పట్టుకోని మిషన్ కాడిదాంక వచ్చింది. బయటున్నదట. పూజ జేసిన జాగ సారూ అది! మన తరీక మనకుండదా?"

బయట ఉండటం అంటే నెలసరి, తరీక అంటే ఆచారం. నేను నవ్వాను. జిల్లాలో నన్ను హేతువాది అని పిలిచేవారు. ఆదివారాలు సభల్లో మూఢనమ్మకాల మీద గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడగలను. ఆ నవ్వుతోనే నా పని అయిపోయిందనుకున్నాను. ఇంటికి వచ్చి రాశాను: "ప్రమాదానికి కారణం కార్మికుని అజాగ్రత్త."

గుడ్డ ఎత్తి చూడలేదు. మళ్లీ చెబుతున్నాను, ముప్పై ఏళ్లు బ్లేడుల గురించి పాఠాలు చెప్పిన నేను, బ్లేడు మీది గుడ్డ ఎత్తి చూడలేదు.

ఖానాపూర్ బస్సులో వచ్చిన మనిషి

నెల దాటింది. ఒక మధ్యాహ్నం నేను షెడ్డులో ఉంటే ముప్పై ఏళ్లావిడ గుమ్మంలో నిలబడింది. చేతివేళ్ల చివరలు బీడీలు చుట్టి చుట్టి గట్టిపడి ఉన్నాయి.

"వడ్లపని సారంటె మీరేనా?"

"నేనే. కూసోమ్మా."

"కూసునుడు తర్వాత. నేను సదానందం పెండ్లాన్ని, రజిత. ఖానాపూర్ల మా తల్లిగారింటి నుంచి వస్తున్న. ఒక్క మాట అడిగి పోత."

"అడుగు."

"అంటుముట్టు ఉత్తదే అని మీరు మైకుల చెప్తరంట గదా. మరి నా మొగని చెయ్యి నా మైలతోని పోయిందంటుండ్రు. మా అత్త నన్ను తల్లిగారింట్ల దింపి పోయింది. నిజమేనా సారూ?"

"కాదమ్మా. అది ఉత్త మాట."

"మరి దేంతోని పోయింది?"

నా జవాబు కోసం ఆమె ఆగలేదు.

"మీరు రాసిన కాయితంల ఆయన అజాగర్త అని ఉన్నదట. మా అత్తేమంటదో ఎర్కనా? నా కొడుకు గసొంటి మనిషే గాదు, నాలుగేండ్లల్ల ఒక్క గీత గూడ పడలే, గిది దాని మైలనే అంటది. మీరు ఆయన్నన్నరు. ఆమె నన్నంటుంది. మిషన్‌నైతె ఎవ్వలేమన్లే. మీరు మిషన్‌ను చూసిన్రా?"

చూశానని చెప్పబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది.

"చూడలే," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "గట్లనా?" అని మాత్రం అంది. నా అంతటి చదువుకున్న మూర్ఖుణ్ణి చూసి ఒక బీడీ కార్మికురాలు ఆశ్చర్యపోయిన తీరు అది.

ఆరోజు నాకు తెలిసింది ఒకటే. అజాగ్రత్త అనే మాట ఆఫీసు వాళ్ల మైల. రెండూ ఒకే పని చేస్తాయి. చూడకుండానే కారణం దొరికినట్టు చేస్తాయి. రెండూ నేరాన్ని అందరికంటే బలహీనుడి నెత్తిన పెడతాయి. తేడా అల్లా, ఒకటి పసుపు రాసుకుని వస్తుంది, ఇంకొకటి రబ్బరు స్టాంపు వేసుకుని వస్తుంది. అత్తకు కారణం కావాలి. కొడుకు చేయి ఎందుకు పోయిందో తెలియకుండా ఏ తల్లీ పడుకోలేదు. సరైన కారణం చెప్పాల్సినవాణ్ణి నేను. నేను ఖాళీ వదిలేసిన చోటును మైల వచ్చి నింపింది.

గోడకు తగిలించిన సాక్ష్యం

మర్నాడే వెళ్లాను. పటేల్ లేడు. మారుతి మేస్త్రి ఉన్నాడు. మహారాష్ట్ర సరిహద్దు ఊరివాడు, అక్కడ అందరికంటే పాత పనివాడు. బ్లేడు ఏదని అడిగితే గోడ వైపు చూపించాడు. దీపావళికి దించిన పూజ బ్లేడు, అమ్మవారి పటం కింద మేకుకు వేలాడుతోంది. పళ్ళ మొదళ్ల దగ్గర ఉక్కు నీలంగా మారింది. వేడికి కాలితే వచ్చే రంగు అది. పళ్ళు లెక్కపెట్టాను. ఎనభై.

"ఆ రోజు కోసిన చెక్క ఉందా?"

షెడ్డు వెనక పొట్టుకుప్ప పక్క నుంచి తీసుకొచ్చాడు. రెండున్నర అంగుళాల మందం టేకు. సగందాకా కోత, రెండు వైపులా బొగ్గులా నలుపు. మిషన్ సొరుగు లాగి చూపిస్తే ఉక్కు రెక్క అందులోనే ఉంది.

"మారుతీ, నీకు తెలియదా ఇది?"

"బరాబర్ తెలుసు బాబా. పాత బ్లేడ్ పెడ్తనని నేనే అన్న. స్పానర్ పట్టుకుంటె పటేల్ మీదికొచ్చిండు. దీపావళిదాంక ముట్టకు, ముట్టితె నీ పని ఖతం అన్నడు. నాకు ముగ్గురు పిల్లలు సారూ."

"నన్ను అధికారులు పంపారు కదా. నాకెందుకు చెప్పలేదు?"

మారుతి తల గోక్కున్నాడు. "మీరు ఆఫీసు రూంలకెళ్లి బయటికి ఎప్పుడొచ్చిన్రు?"

ఇంతలో పటేల్ వచ్చాడు. బ్లేడు నా చేతిలో చూసి చెప్పులు విడిచి దగ్గరికి వచ్చాడు.

"పటేలా, చౌకట్లు దీనితోనే కోయించినవా?"

"మరి దేంతోని? అన్నిట్ల మంచిది సారూ. ఎనభై పండ్లు. అమ్మవారికి తక్కువది పెడ్తమా? లోభం జేసిన్నా నేను?"

నిజమే, లోభం చేయలేదు. అదే నా గుండెలో మంట పెట్టింది. లోభి చవకబారు బ్లేడు పెడితే కొట్టిపారేయవచ్చు. ఇక్కడ ఒక మనిషి చేయి పోయింది మంచి బ్లేడు వల్ల, మంచి మనసు వల్ల, చెప్పే ధైర్యం లేని మంచి మేస్త్రి వల్ల, అడగని మంచి సారు వల్ల. ఏ పనికి ఏది మంచిదో అడగని మంచితనం ఎంత క్రూరంగా ఉంటుందో ఆ నీలం మచ్చల్లో చూశాను.

"కోపం రాకపోతే ఒకటి అడుగుత," అన్నాను. "మారుతి స్పానరు పడితె వద్దన్నవు. ఏ శాస్త్రంల ఉన్నది?"

"శాస్త్రం నాకేం ఎర్క? మా బాపు జేసిండు, నేను జేస్తున్న."

"మీ బాపుకు టేబుల్ రంపం ఉన్నదా?"

"లే. నాగలుండె."

"నాగలికి ఎనభై పండ్లుండవు పటేలా."

ఆయన ముఖం ఎర్రబడింది. బ్లేడూ చెక్కా నేను తీసుకుపోతుంటే అడ్డు మాత్రం పెట్టలేదు.

ప్రిన్సిపాలు గారి తర్కం

రిపోర్టు మారుస్తానంటే మా ప్రిన్సిపాలు కుర్చీలో వెనక్కి వాలాడు. పదవీ విరమణకు ఏడాది ఉన్న మనిషి.

"రాసింది రాసినట్టు ఉండనీయరాదయ్యా? మార్చినవంటె మొదటిది అబద్ధమని ఒప్పుకున్నట్టు."

"అబద్ధమే సార్."

"గట్లయితె ఇంకా మార్చొద్దు!"

ఇది హాస్యం కాదు. ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు ఈ తర్కాన్ని గుర్తుపెట్టుకోండి, మీకూ ఎదురవుతుంది. తప్పు చేయడం కన్నా తప్పు ఒప్పుకోవడం పెద్ద నేరమని నమ్మే కార్యాలయాల్లో, బ్లేడులు మారవు. నేను రెండో రిపోర్టు రాశాను. పళ్ళ సంఖ్య, ఉక్కు రెక్క సొరుగులో ఉండటం, కాలిన చెక్క, అన్నీ రాశాను. మొదటి రిపోర్టు రాసేటప్పుడు నేను మిషన్‌ను చూడలేదని కూడా రాశాను. ప్రిన్సిపాలు ఆ చివరి వాక్యం కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు.

కానీ కాగితం ఆఫీసుకు పోతుంది. ఖానాపూర్‌కు పోదు. రజిత అత్త లచ్చవ్వ నా రిపోర్టు చదవదు. అందుకని ఒక రోజు అందరినీ మా షెడ్డుకు పిలిచాను.

రెండు కోతలు

సదానందం తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. లచ్చవ్వ సన్నగా, వంగకుండా నడిచే మనిషి. కోడలి వైపు చూడలేదు. రజిత దూరంగా తలుపు దగ్గరే ఉండిపోయింది. మారుతి వచ్చాడు. పటేల్ రాడనుకున్నాను, వచ్చాడు.

వెనక రెక్క బిగించాను. ఎవరినీ బ్లేడుకు ఎదురుగా నిలబడనివ్వలేదు. పటేల్ పూజకు తెచ్చినది వంకర తిరిగింది కాబట్టి మా దగ్గరున్న అలాంటిదే ఎనభై పళ్ళ కొత్త బ్లేడు పెట్టాను. టేకు చెక్కను తోపుడు కర్రతో తోశాను. జానెడు పోయేసరికి మిషన్ మూలిగింది. రెండు జానలకు పొగ వచ్చింది. షెడ్డంతా మాడిన వాసన. ఇక తోయకుండా మిషన్ ఆపేశాను. బయటికి తీస్తే రెండు అంచులూ నల్లగా ఉన్నాయి.

సదానందం ఎడమచేత్తో ఆ నలుపును తడిమాడు. "గిదే సారూ. గా దినం గిదే వాసన."

విప్పి, ఇరవై నాలుగు పళ్ళది బిగించబోతుంటే రజిత తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చింది.

"ఆగుండ్రి సారూ. ఒక మాట చెప్పి కోయుండ్రి. ఇయ్యాల గూడ నేను బయటున్న."

పటేల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. లచ్చవ్వ, "సిగ్గు లేదానే? నల్గురు మొగోళ్ల నడ్మ?" అంది.

"గా దినం నా ముచ్చట నల్గురు మొగోళ్లే మాట్లాడుకున్నరు గదా అత్తమ్మా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడేంది?" అని, ఆగి ఉన్న మిషన్ బల్ల మీద అరచేయి ఆనించి తీసింది. "ఇగ కోయుండ్రి."

నేను కోశాను. అదే చెక్క, అదే మిషన్, అదే చేయి. ముతక పొట్టు పొడుగ్గా రాలింది. పొగ లేదు. చెక్క చివరిదాకా పోయి రెండుగా విడిపోయింది.

నేను పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆమె నాకు అవకాశం ఇవ్వలేదు.

"మొదటి కోతప్పుడు నేనిక్కడ్నే ఉన్న. రెండో కోతప్పుడు గూడ ఉన్న, ముట్టుకున్న గూడ. మైల నాదైతే రెండోది ఇంకా మాడాలె. మాడలే. మారిందేంది? బ్లేడు."

ముప్పై ఏళ్ల సభల్లో నేను ఇంత చిన్న మాటలో, ఇంత సూటిగా ఎన్నడూ చెప్పలేకపోయాను. ఒక్కటి మాత్రమే మార్చి చూడు, మిగతావన్నీ అలాగే ఉంచు. శాస్త్రం అంటే అంతే.

సదానందం రెండు బ్లేడుల వంకా చూశాడు. "పన్నె తప్పిందవ్వా," అన్నాడు తల్లితో. మగ్గం మీద పోగులు దూరే దువ్వెన లాంటిదే పన్నె. "దొడ్డు నూలుకు సన్న పన్నె పెడితె పోగులు తెగయా? గట్లనే. మగ్గం మీదైతె నేనే అడిగేటోన్ని. గీడ పూజ జేసిన బ్లేడాయె. ఏమని అడుగుత?"

లచ్చవ్వ పుట్టిన దగ్గర్నుంచి మగ్గం మధ్య బతికిన మనిషి. నా మాటకు గానీ, పొగకు గానీ చలించని ముఖం ఆ ఒక్క మాటకు మారింది. వచ్చి నల్లని అంచునూ తెల్లని అంచునూ రెండు చేతుల్తో పట్టి చూసింది.

పటేల్ గొంతు సవరించుకున్నాడు. "అయినా సారూ, దేవుని కాడ లెక్కలు పెట్టొద్దు."

"లెక్క దేవుని కాడ పెడ్తలే. నీ స్పానరు కాడ పెడుతున్న," అన్నాను. పటేల్ మారాడని రాయడానికి నాకు ఆధారం లేదు. తర్వాతి దసరాకు ఇరవై నాలుగు పళ్ళది పెట్టి పూజ చేశాడని మారుతి చెప్పాడు. పూజ చేయొద్దని నేనెన్నడూ అనలేదు, కనుక నా ఫిర్యాదు అక్కడితో తీరింది.

లచ్చవ్వ చెక్క కింద పెట్టి కోడలి వైపు తిరిగింది. నెల దాటాక అదే మొదటిసారి.

"పా. ఇంటికి పోదాం."

రజిత కదల్లేదు. మొగుడి వైపు చూసింది. "నువ్వు గూడ అనుకున్నవు గదా? నా వల్లనే అని."

సదానందం కట్టు ఉన్న చేతిని ఇంకో చేతిలోకి తీసుకున్నాడు. "అనుకున్న," అన్నాడు.

"మరి నేను రాను." గొంతు పెంచలేదు. "నా మైలతోని చెయ్యి పోయిందని వాడకట్టంత చెప్పిన్రు. ఎవరెవరికి చెప్పిన్రో ఎర్కే గదా అత్తమ్మా? గా ప్రతి ఇంటికీ మీరిద్దరు పోయి, కాదు, బ్లేడుతోని పోయిందని చెప్పి రాండ్రి. అటెన్క వచ్చి తీస్కపోండ్రి. తల్లిగారింటి కాడ బీడీలు చేస్కుంట ఉంట. తొందరేం లేదు."

రజిత కొంగు సర్దుకుని తలుపు దాకా వెళ్లి నా వైపు తిరిగింది.

"మీరు గూడ సారూ. కాయితంల రాసిన్రట గదా, గది ఎవలు చదువుతరు? ఆయన్ను అజాగర్త అన్నది పదిమందికి ఎర్కైంది. కాదన్నది గూడ పదిమందిలనే చెప్పాలె."

ఆమె ఖానాపూర్ బస్సెక్కిపోయింది. పద్దెనిమిది రోజుల తర్వాత లచ్చవ్వ, సదానందం వెళ్లి తీసుకొచ్చారని మారుతి ద్వారా తెలిసింది. వాడకట్టులో ఒక్క ఇల్లూ వదల్లేదట. ఆ ముసలావిడ ప్రతి గడప ముందూ నిలబడి "మేం తప్పు చెప్పినం" అన్నదట.

నేనింకా చెప్పలేదు. ఆ తర్వాత మూడేళ్లు ఉద్యోగంలో ఉన్నాను, ఎన్నో సభల్లో మాట్లాడాను, ఈ సంగతి మాత్రం ఎత్తలేదు. కనుక ఇప్పుడు చెబుతున్నాను. నేత కుటుంబంలో పుట్టి, నాలుగేళ్లు ఒక్క గీత పడకుండా రంపం మీద పనిచేసిన సదానందం అజాగ్రత్త మనిషి కాదు. అతని భార్య రజిత తప్పు ఏదీ లేదు. బ్లేడు తప్పు, దాన్ని విప్పనివ్వని దారం తప్పు. గుడ్డ ఎత్తి చూడకుండా కాగితం రాసిన నాది తప్పు.